ఆర్‌ఎక్స్ ట్యాంకుకు టూకే పెయింటు: మిద్దె మీద మూడు వారాలు

నా ఆర్‌ఎక్స్ బైకు పెట్రోలు ట్యాంకు మూత చుట్టూ పెయింటు మళ్ళీ ఉబ్బింది. కొన్నేళ్ల కింద నా చేత్తో కొట్టిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటే అది. అందులో థిన్నర్ ఎగిరిపోతే ఆరినట్టు, అంతే. పైన పెట్రోలు పడీపడీ మెత్తబడి లేచిపోతుంది. టూకే అంటే రెండు భాగాల పెయింటు, అది అట్లా కాదు, గట్టిపరిచే హార్డెనర్‌తో కలిసి గట్టిపడ్డాక మళ్ళీ కరగదు. అందుకే ఈసారి టూకేకి మారాను. స్ప్రే గన్ను పట్టడం వచ్చు కదా, అదే చాలనుకున్నాను.

మొదటి వారం

పెట్రోలు వంపేసి, కింద పెట్రోలు కాక్ విప్పి, వాసన పోయేదాకా ట్యాంకును రెండు రోజులు మూత తీసి గాలికి పెట్టాను. తర్వాత రిమూవర్ పూసి పాత పెయింటు గీకేశాను. రేకు బయటపడిన రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టాను, తుప్పుకు టైమివ్వకుండా. సొట్టలకు పుట్టీ పెట్టి, దాని మీద రంగుకు ముందు నునుపు చేసే పూత, గ్రే సర్ఫేసర్ వేశాను.

నాలుగొందల నంబరు వాటర్ పేపరు (నీళ్ళతో రుద్దే ఉప్పు కాగితం) పట్టేముందు నల్ల స్ప్రే డబ్బాతో పైపైన దుమ్ములా చల్లాను. రుద్దాక ఎక్కడ నలుపు మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. చేతికి తెలియని సొట్ట ఇట్లా రెండు చోట్ల దొరికింది. కడిగింది మాత్రం బోరు నీళ్ళతో. ఆరాక తెల్లటి ఉప్పు మచ్చలు తేలాయి. అనంతపురం నీళ్ళ సంగతి తెలిసి కూడా చేసిన పని. చివరి కడుగుడు ఆర్వో నీళ్ళతో చేశాను.

రెండో వారం

ఎరుపు బేస్ కోటు సర్ఫేసర్‌ను అంత తొందరగా కప్పదు, నాలుగు కోట్లు పట్టింది. ఒక్కో కోటూ మెరుపు పోయి మబ్బుగా మారాకే తర్వాతిది. ఇంతవరకు సాఫీగానే జరిగింది.

రంగు మీద కొట్టే పారదర్శక పొర, క్లియర్ దగ్గర దెబ్బ తిన్నాను. నా డబ్బా మీద రాసిన కొలత రెండు పాళ్ళ క్లియర్‌కు ఒక పాలు హార్డెనర్, పైన కాస్త థిన్నర్. ట్యాంకుకూ సైడు ప్యానెళ్ళకూ కలిపి ఒకేసారి కలిపేశాను. టైము పదకొండు, మే ఎండ, చేతిలో ఉన్నది తొందరగా ఎగిరిపోయే ఫాస్ట్ థిన్నర్. గన్ను నుంచి వచ్చిన తుంపర ట్యాంకును చేరేలోపే సగం ఆరిపోతోంది. పైభాగమంతా బత్తాయి తొక్కలా తేలింది. ప్యానెళ్ళ దగ్గరికి వచ్చేసరికి కప్పులో మిగిలింది జున్నులా గట్టిపడటం మొదలైంది. ఎన్‌సీ అయితే ఇంకాస్త థిన్నర్ పోసి కదిపేవాణ్ణి. దీనికి ఆ మందు పనిచేయదు. గన్ను విప్పి కడగడానికే గంట పట్టింది.

దానికి తోడు కుడిపక్క చిన్న చిన్న గుంటలు. పెయింటు అక్కడ పక్కకు జరిగి, అడుగున ఎరుపు కన్నాల్లా కనిపించింది. టైరు పాలిష్ తుడిచిన గుడ్డతోనే ట్యాంకు కూడా తుడిచానని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. సిలికాన్ ఉన్న చోట పెయింటు నిలవదు. రెండు రోజులాగి, వెయ్యి పేపరుతో మొత్తం రుద్దేశాను. కొన్ని చోట్ల ఎరుపు దాకా పోయింది, ట్యాంకుకు బేస్ మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

మూడో వారం

స్లో థిన్నర్ తెచ్చాను. తెల్లారి ఐదున్నరకు మొదలుపెడదామంటే మిద్దె మీద పక్కింటి అత్త వడియాల చాపలు.

“అత్తా, రెండు రోజులు ఇక్కడ వడియాలు ఆరబెట్టొద్దు. ఈ మందు వాటి మీద పడితే తినకూడదు.”

“ఇంకెన్నాళ్ళురా నీ రంగు? ఆషాఢం గాలి మొదలైతే నా వడియాలూ పోతాయి, నీ ట్యాంకూ పోతుంది.”

గాలి విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పలేను.

హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు ప్రమాదం. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. అసలైతే బయటి గాలిని గొట్టంతో అందించే మాస్కు ఉండాలి. నా దగ్గరున్నది కార్ట్రిడ్జి మాస్కు, దానితోపాటు కళ్ళద్దాలు, గ్లోవ్స్ వేసుకున్నాను. పిల్లల్ని మిద్దె ఎక్కనివ్వలేదు.

నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణిచాను. ఈసారి కలిపింది ట్యాంకుకు సరిపడా, నూటయాభై మిల్లీలీటర్లే. పల్చగా ఒక కోటు, పావుగంట ఆగి తడిగా ఇంకోటి. వెలుతురు పక్కనుంచి పడుతుంటే రెండో కోటు ట్యాంకు మీద పాకుతూ ముడతలన్నీ సర్దుకోవడం కనబడింది. అక్కడే ఆపాల్సింది. ఆశపడి ఇంకో చెయ్యి వేశాను, కింది అంచున ఒక చుక్క కారింది. తడి మీద వేలు పెట్టలేదు. వారం తర్వాత చెక్కముక్కకు పదిహేనొందల పేపరు చుట్టి దాన్ని మాత్రమే దించాను. తర్వాత మొత్తానికి రెండువేల పేపరు, మెరుపుకు రుద్దే కాంపౌండ్. నిన్న మూత దగ్గర పెట్రోలు చుక్క వేసి తుడిచి చూశాను, మరక కూడా లేదు.

ప్యానెళ్ళు మిగిలాయి. ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా కొట్టాను కాబట్టి టేపు అంటించి లాగితే పొరమొత్తం టేపుతోనే వచ్చేసింది. ప్రైమర్ తెచ్చి పెట్టుకున్నాను. అత్తకు ఇంకో రెండు చాపల వడియాలు ఉన్నాయట, అవి ఎత్తాక ఆదివారం పొద్దున.