మణికట్టు వంచితే దవడ తెరుచుకుంటోంది: ఏడో వెర్షన్

సన్నటి ట్యూబు చివర మణికట్టులా వంగే, చేత్తో నడిపే గ్రాస్పర్ (వస్తువుని పట్టుకునే దవడలున్న పరికరం) ఒకటి తయారుచేస్తున్నా. హ్యాండిల్ నుంచి దవడలని కదిలించేవి కేబుళ్లు. నిన్న రాత్రి పదకొండున్నరకి ద్రాక్షపండు మూడోసారి జారి కిందపడింది. తిన్నగా ఉన్నంతసేపూ గ్రాస్పర్ పట్టు బాగుంది. మణికట్టును కిందికి 60 డిగ్రీలు వంచానో లేదో, దవడ దానంతటదే నోరు తెరుస్తోంది. పైకి వంచితే దీనికి పూర్తిగా రివర్స్: హ్యాండిల్ నా వేలిని వెనక్కి తోసేస్తుంది, ద్రాక్ష జ్యూస్ అయిపోతుంది.

బాగున్నవి ముందు చెప్పేస్తా. అంతా 8 మి.మీ. ట్యూబులో ఇమిడింది. రోల్, అంటే ట్యూబు తన చుట్టూ తాను తిరగడం, సాఫీగా ఉంది. అంతే.

ఇక అసలు సంగతి. దవడల్లో ఒకటి కదలదు, రెండోది పుల్లీతో తిరుగుతుంది. మూసే కేబుల్ మణికట్టు పిన్నుకి (అది వంగే ఇరుసు) కింది పక్కన, తెరిచే కేబుల్ పై పక్కన పోతాయి. మధ్యలో పిన్ను కూర్చుంది కాబట్టి కేబుల్ సరిగ్గా మధ్యగీత మీదుగా పోలేదు. పిన్ను 1.5 మి.మీ., కేబుల్ 0.45. అంటే మధ్య నుంచి 0.975 మి.మీ. పక్కకి. 60 డిగ్రీలు వంచితే పొడవులో తేడా 1.02 మి.మీ. దవడ పుల్లీ వ్యాసార్థం 2.3, కాబట్టి దవడ 25 డిగ్రీలు తెరుచుకోవాలి. ఇది ముందే తెలుసు. వెనకాల కోణమానిని ప్రింట్ తీసి అంటించి, ఫోన్‌తో ఫొటో తీసి చూస్తే 26. లెక్క సరిపోయింది.

కానీ దవడని వేలితో ముట్టుకుంటే 49 దాకా ఊగుతోంది, ఊడిపోయే పన్నులాగా. ఆ మిగతా 23 డిగ్రీలు ఎక్కడివి?

కేబుల్ సాగుతోందేమో అనుకున్నా. 400 మి.మీ. ముక్కకి అర కేజీ వేలాడదీస్తే 0.2 మి.మీ. సాగింది. అసలు బిగింపులో అలా సాగి ఉన్న కేబుల్ వెనక్కి ముడుచుకుని వదులుని లాగేసుకోవాలి గానీ పెంచదు కదా! తర్వాత క్రింప్ (కేబుల్ కొసని నొక్కి పట్టే లోహపు ముక్క) జారుతోందని అనుమానం వచ్చింది. మార్కర్‌తో గీత పెట్టి చూశా, అది కదల్లేదు. 3D ప్రింట్ చేసిన బాడీ వంగుతోందని గోడ మందం పెంచి మళ్లీ తీశా. రెండు డిగ్రీలు తగ్గింది, ఒక రాత్రి పోయింది.

చివరికి దొరికింది పక్క నుంచి క్లోజప్‌లో తీసిన ఫొటోలో. కిందికి వంచినప్పుడు మూసే కేబుల్ పిన్నుని అసలు తాకడమే లేదు! ఇటు గైడ్ రంధ్రం (కేబుల్‌కి దారి చూపేది) నుంచి అటు రంధ్రానికి అడ్డదారిలో తిన్నగా పోతోంది. రంధ్రాలు పిన్నుకి అటూ ఇటూ 4 మి.మీ. దూరంలో ఉన్నాయి. తిన్నగా ఉన్నప్పుడు మధ్య దూరం 8 మి.మీ., వంగాక 5.95. అంటే వదులు 2.05. పై పక్క కేబుల్ మాత్రం బుద్ధిగా పిన్నుని చుట్టుకుని 1.02 మాత్రమే అడుగుతోంది. మిగిలిన 1.03 మి.మీ. ఎవరికీ చెందకుండా గాల్లో వేలాడుతోంది. లెక్క ప్రకారం 51 డిగ్రీలు రావాలి, నాకు వచ్చింది 49. ఆ రెండు డిగ్రీలూ కేబుల్‌ని ముందే బిగించి పెట్టిన టెన్షన్‌లో పోయుంటాయి.

హ్యాండిల్‌లో స్ప్రింగ్ పెడితే వదులు పోయింది, దాంతోపాటు పట్టు కూడా పోయింది. స్ప్రింగ్ ఎంత లాగగలదో దవడ అంతే పట్టుకుంటుంది. స్ప్రింగ్‌తో సరిచేయడం జ్వరానికి గొడుగు పట్టడం లాంటిదని నా అభిప్రాయం. తర్వాత రంధ్రాలని 1.5 మి.మీ. దగ్గరకి జరిపా. వదులు 9 డిగ్రీలకి తగ్గింది, కానీ రంధ్రం అంచు మీద కేబుల్ మడతపడి నలభై సార్లకే నైలాన్ పూత ఒలిచేసుకుంది.

కేబుల్ గురించి ఒక మాట. డావిన్సీ అనే సర్జరీ రోబో పరికరాల్లో టంగ్‌స్టన్ కేబుళ్లు వాడతారు. నాది బేగంబజార్‌లో పూసలు గుచ్చే స్టీల్ వైరు. "దండలు గుచ్చేది వదినా, నువ్వా అన్నా?" అని అడిగాడు దుకాణం అతను. చేపలు పట్టే అల్లిక దారం కూడా వాడి చూశా. ఎంత చిన్న పుల్లీ మీదైనా మెత్తగా తిరుగుతుంది, కానీ రాత్రి బిగించి పడుకుంటే పొద్దున్నకి వదులవుతుంది. దాన్ని మెచ్చుకునేవాళ్లు రెండో రోజు కొలిచి చూడరనుకుంటా.

ఎనిమిదో వెర్షన్‌లో ఒక్కో కేబుల్‌కి పిన్నుకి ఎదురుగా చిన్న రోలర్ పెడుతున్నా, కేబుల్ రెండింటి మధ్య నుంచి పోయేలా. పిన్నుని వదిలి పారిపోవడానికి దారి ఉండదు, రెండు వైపులా తేడా ఒకటే అవుతుందని నా ఆశ. ఆ 25 డిగ్రీలు మాత్రం మిగిలే ఉంటాయి. రోబోకైతే ఆ లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, మోటర్ అంత కేబుల్ వదులుతుంది. నాది చేత్తో నడిపేది. అందుకే హ్యాండిల్ దగ్గర అదే కొలతలతో, తిరగేసిన ఇంకో మణికట్టు పెట్టాలి. అక్కడ ఎంత వంగితే ఇక్కడ అంతే వంగాలి. అప్పుడు ఇటు తీసుకున్నది అటు ఇచ్చేస్తుంది. 5 మి.మీ. ట్యూబు ఆలోచన దీని తర్వాతే. దానికి పిన్ను 1 మి.మీ.కి దిగాలి.

రోలర్లు 2 మి.మీ. ఇత్తడివి, బాలానగర్‌లో చేయిస్తున్నా. నాలుగు పీసుల కోసం లేత్ సెట్ చేయనన్నాడు, ఇరవై తీసుకోమన్నాడు. పదహారు మిగులుతాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.