బందరు ఆదివారాలు: ఆరు నెలల రికార్డింగు లెక్క

బందరు (మచిలీపట్నం) చుట్టుపక్కల పెద్దవాళ్ల జ్ఞాపకాలు వాళ్ల గొంతులోనే రికార్డు చెయ్యడం జనవరిలో మొదలుపెట్టాను, ఇప్పుడు జూన్ ఆఖరు. 14 మంది మాట్లాడారు. మొత్తం 11 గంటల 20 నిమిషాలు. అందులో కాగితం మీదికి దింపింది 3 గంటలు కూడా లేదు. కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, నాకు దొరికేది ఆదివారం ఒక్కటే. పెళ్లిళ్ల రోజుల్లో అదీ దొరకలేదు.

మా నాయనమ్మ పోయాక ఆవిడ గొంతు కోసం ఇంట్లో ఫోన్లన్నీ వెతికాం. దొరికింది ఒకే ఒక్క వాయిస్ మెసేజ్, 19 సెకన్లు. గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో కనుక్కోమని. దివిసీమ ఉప్పెన కళ్లారా చూసిన మనిషి ఆవిడ. కార్తీకమాసం వస్తే చాలు, ఆ రాత్రి సంగతి ఎత్తేది. "తెలుసులే నాయనమ్మా" అని మేం లేచిపోయేవాళ్లం. నిజానికి మాకేం తెలీదు.

బందరు వాళ్లకి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊళ్లోకి వచ్చింది, 30 వేల మంది దాకా పోయారంటారు. దాని గురించి ఇప్పుడు చదవాలంటే దొరల రిపోర్టులే దిక్కు. ఆ రాత్రి చూరు పట్టుకుని వేలాడిన మనిషి ఏమన్నాడో ఎక్కడా లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి అలా కాదు. ఆ శనివారం పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నారు. అప్పటికి సంసారాలు చేస్తున్నవాళ్లు మాత్రం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే నా జాబితాలో వయసు ఎక్కువున్నవాళ్లే ముందు.

సామాను గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి అది ముందు చెప్పేస్తాను. మొదట చవకలో వైర్‌లెస్ మైకు కొన్నాను. రెండు వారాలకే మధ్యమధ్యలో గొంతు మింగెయ్యడం మొదలెట్టింది. ఇప్పుడు వాడేది వైరున్న కాలర్ మైకు, ఫోనుకే తగిలించేది. కాలర్ మైకంటే కాలర్‌కే పెట్టాలనుకుని మొదటి ముగ్గురికీ అలాగే పెట్టాను. ఆడవాళ్ల పైట కదిలినప్పుడల్లా బరబరా చప్పుడు. ఇప్పుడు పీట మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద మైకు ఉంచి, మనిషికి జానెడున్నర దూరంలో పెడుతున్నాను. చాలా తేడా వచ్చింది. సముద్రపు గాలి ఉన్నచోట పాత హెడ్‌సెట్ స్పాంజి తొడుగుతాను.

ఫ్యానుది పెద్ద సమస్య. మే నెలలో కృష్ణా జిల్లాలో 75 ఏళ్ల మనిషి దగ్గర ఫ్యాను ఆపమనడానికి నోరు రాదు. నేను చేస్తున్నదేంటంటే, పొద్దున ఆరున్నరకే వెళ్లి అరుగు మీద కూర్చోవడం. అప్పుడు ఫ్యాను గోల ఉండదు, కోళ్ల గోల ఉంటుంది. కోళ్లు ఫర్వాలేదు, మాటని మింగవు. ఫ్రిజ్ ఉన్న గదిలో మాత్రం కూర్చోకండి, ఆ గుయ్‌మనే చప్పుడు మనకి వినపడదు, మైకుకి వినపడుతుంది.

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోయి ఒకసారి 17 నిమిషాలు పోగొట్టుకున్నాను. లోన్ కావాలా సార్ అంటూ ఎవరో ఫోన్ చేశారు, రికార్డింగు ఆగిపోయింది, నేను చూసుకోలేదు. ఆ పెద్దాయన్ని మళ్లీ చెప్పమంటే చెప్పాడు గానీ, రెండోసారి చెప్పింది వార్తలు చదివినట్టు ఉంది.

ఫైలు శబ్దాన్ని కుదించని వేవ్ ఫార్మాట్‌లో, మోనోలో (ఒకే ఛానెల్), 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో తీసుకుంటున్నాను. గంటకి సుమారు 345 ఎంబీ అవుతుంది. ఇంట్లోవాళ్లకి పంపడానికి 128 కేబీపీఎస్ ఎంపీత్రీ చేస్తే గంటంతా కలిపి 60 ఎంబీ లోపే. కాపీలు మూడు: నా లాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, మూడోది విజయవాడలో మా చెల్లెలి బీరువాలో. ఉప్పెన కథలన్నీ రికార్డు చేసి ఆ డిస్కులన్నీ బందరులోనే పెట్టుకుంటే మనంత తెలివైనవాళ్లు ఉండరు కదా.

నేను నిజంగా నేర్చుకుంది ప్రశ్నలు అడగడం. ఫిబ్రవరిలో నాగాయలంక వైపు ఒక మామ్మగారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆవిడకి 22 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. తెలివితక్కువగా మొదటే అడిగాను, ఉప్పెన రోజు ఏం జరిగిందండీ అని. "ఏముంది నాయనా, నీళ్లొచ్చినయ్, జనం పోయారు. మిగిలినోళ్లం మిగిలాం" అంది. అంతే. ఫైలు చూస్తే 40 సెకన్లు. టీ తాగుతూ, ఏదో మాట కలపాలని, ఆ రోజు పొద్దున ఏం వండారు మామ్మగారూ అన్నాను.

"వండేదేంది, పొయ్యి అంటుకుంటేగా!" అని మొదలుపెట్టింది. 52 నిమిషాలు ఆగలేదు. ముందు రోజు నుంచీ ముసురు, పుల్లలన్నీ తడిసిపోయాయి, పిల్లలకి చద్దన్నంలో ఉల్లిపాయ పెట్టింది. గాలి ముదిరాక ఆయన గేదె పలుపు కోసేశాడు, దాని బతుకు అది బతుకుతుందని. నీళ్లు వచ్చినప్పుడు తాటాకు కప్పు గోడల మీంచి లేచి పడవలా తేలిందట. దాని మీదే కొంతదూరం, తర్వాత తుమ్మచెట్టు. తెల్లారి చూసుకుంటే ఒంటినిండా ముళ్లు, చేతిలో ఒక్క బిడ్డే. రెండో బిడ్డ గురించి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేదు, బావులన్నీ ఉప్పుకయ్యలు. కొబ్బరిబొండాం దొరికితే ముగ్గురికి ఒకటి. ఇంతా చెప్పి, "గేదె పేరు నోట్లోనే ఉంది, రావట్లేదు" అని చాలాసేపు బాధపడింది.

అప్పటి నుంచి నా పుస్తకంలో మొదటి పేజీలో అడగకూడని ప్రశ్నలు రాసుకున్నాను. "మీకెలా అనిపించింది", "ఇప్పటి తరానికి ఏం చెప్తారు", ఈ రెండూ అడిగితే మనిషి వెంటనే మైకు ముందు ఉపన్యాసానికి లేస్తాడు. వంట, చెప్పులు, దీపం, పశువులు, ఎవరు ఎవర్ని పిలిచారు, ఇలాంటివి అడగాలి.

బందరులోనే ఇంకో మాస్టారు, రిటైరయ్యారు. 1977లో కాలేజీ కుర్రాడు. ఉప్పెన మూడో రోజు స్నేహితులతో కలిసి అవనిగడ్డ వైపు నడిచి వెళ్లారు. పని శవాలు తియ్యడం. పొలాల్లో మనుషులూ పశువులూ కలిసిపోయి ఉన్నారు, ఎవరు ఏ ఊరో తెలీదు, గుట్టగా పేర్చి తగలబెట్టడం. ముక్కుకి కర్పూరం పొడి చల్లిన తువ్వాలు. వారం పాటు అన్నం ముద్ద దిగలేదన్నారు. అధికారిక లెక్క 10 వేల పైచిలుకు. దానికి మాస్టారు నవ్వి ఊరుకున్నారు. మదర్ థెరిసా వచ్చినప్పుడు దూరం నుంచి చూశారట, దగ్గరికి వెళ్లడానికి బట్టలు బాగాలేవని వెనక్కి తగ్గారట.

"నేనేదో సేవ చేశానని రాయకు బాబూ. ఆ వయసులో ఊరికే ఉండలేక వెళ్లాం" అన్నారు. మర్నాడు ఫోన్ చేసి, ఒక కుటుంబం గురించి చెప్పిన 6 నిమిషాలు తీసెయ్యమన్నారు. తీసేశాను, మూడు కాపీల్లోంచీ. మా చెల్లెలు ఒప్పుకోలేదు, అదే అన్నిటికన్నా గట్టి భాగమంది. గట్టిదే. కానీ రికార్డింగు మొదట్లో నేనే ప్రతివాళ్లకీ చెప్తాను: ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తానని, ఆ మాట కూడా రికార్డులోనే ఉంటుంది. నేను మాట తప్పితే తర్వాత వాళ్లు నాతో ఎందుకు మాట్లాడతారు?

ఉప్పెన ఒక్కటే కాదు. ఏప్రిల్లో పెడన వెళ్లాను, కలంకారీ అచ్చులు చెక్కే ఆయన దగ్గరికి. టేకు చెక్క మీద తెల్లరంగు పూసి, బొమ్మ దింపి, సన్న ఉలితో తవ్వుతూ పోవడమే. ఒకే లతకి గీతల అచ్చు వేరు, ఒక్కో రంగుకి అచ్చు వేరు. నాలుగు రంగుల డిజైనయితే ఆ అచ్చులన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఆయన మాటల మనిషి కాదు. అడిగినదానికి "ఊఁ" అంటాడు, చెక్కుతాడు. అరగంటకి నాకు బుద్ధొచ్చింది, ప్రశ్నలు మానేసి ఉలి చప్పుడు 5 నిమిషాలు రికార్డు చేసుకున్నాను. అప్పుడు తనే మాట్లాడాడు. ఏ అచ్చు ఏ ఏడు చెక్కాడో పిల్లల పుట్టుకలతో చెప్తాడు: పెద్దమ్మాయి పుట్టిన ఏడాది నెమలి, రెండోదానికి మామిడిపిందెలు. స్క్రీన్ ప్రింటు వచ్చాక రెండేళ్లు ఉలి పక్కనపెట్టి తాపీపనికి వెళ్లాడట. ఆ రెండేళ్లకి గుర్తు పెట్టుకోవడానికి అచ్చు లేదు, అందుకని ఆ సంగతులు సరిగ్గా చెప్పలేకపోయాడు.

అద్దకం చేసేవాళ్ల పెరట్లో కరక్కాయ నీళ్ల తొట్టి, ఇనపముక్కలూ బెల్లమూ నానేసిన కుండ చూశాను. నల్లరంగు అందులోంచే. ఎర్రరంగుకి పటిక అద్ది తర్వాత రంగునీళ్లలో ఉడకేస్తారు. ఆ వాసన రికార్డింగులోకి రాదు, అదొక్కటే లోటు. గుడ్డ ఉతకడానికి పారే నీళ్లు కావాలి, కాలవ ఎండితే పని ఆగినట్టే. అందుకే ఎండాకాలం వాళ్లని కలవడానికి మంచి కాలం, తీరిగ్గా ఉంటారు.

రాత పని నత్తనడక. గంట మాటకి నాకు 6 గంటలు పడుతోంది. ఫోన్లో మాట రాసిపెట్టే యాప్‌తో ప్రయత్నించాను. "నీళ్లొచ్చినయ్" అంటే "నీళ్లు వచ్చాయి" అని దిద్దేస్తోంది. మామ్మగారి నోట్లో మాస్టారి భాష పెట్టినట్టుంది. ఇప్పుడు మా అమ్మాయి టైపు చేస్తోంది, పేజీకి 10 రూపాయలు, నెలనెలా లెక్క కట్టి వసూలు చేస్తోంది.

గతవారం చిన్న బ్లూటూత్ స్పీకర్ పట్టుకెళ్లి మామ్మగారి ఊళ్లో అరుగు మీద ఆవిడ ముందే వినిపించాను. పదిమంది చేరారు. తన గొంతు విని ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యలో ఒక తాతగారు లేచి, అది తుమ్మచెట్టు కాదు తాడిచెట్టు అన్నాడు. ముళ్లు గుచ్చుకుంది నీకా నాకా అని ఆవిడ. నీళ్లు సాయంత్రం వచ్చాయా దీపాలు పెట్టాక వచ్చాయా అన్నదాని మీద ఇంకో అరగంట గొడవ. నేను ఎవర్నీ దిద్దలేదు. మైకు ఆన్‌లోనే ఉంది, అది 15వ ఫైలు అవుతుంది.

నిన్న రాత్రి మామ్మగారు మనవడి ఫోన్ నుంచి ఫోన్ చేసింది. గేదె పేరు గుర్తొచ్చిందట. ఏంటండీ అంటే ఫోన్లో చెప్పనంది. "నువ్వొచ్చి దాంట్లో పెట్టుకో నాయనా" అంది. ఆదివారం అవనిగడ్డ మొదటి బస్సుకి వెళ్తున్నాను.