యాభై ఒకటో ఏట వచ్చిపడిన ఐబీఎస్: నా అనుభవం

యాభై ఏళ్లపాటు నా పొట్ట గురించి నేను ఆలోచించిందే లేదు. ఏం తిన్నా అరిగేది. అలాంటిది ఒకసారి వాంతులు, విరేచనాలు గట్టిగా పట్టుకుని, తగ్గి, మళ్లీ పనుల్లో పడ్డాక కూడా కడుపు మాత్రం దారికి రాలేదు. పొద్దున లేవగానే బొడ్డు కింద మెలిపెట్టే నొప్పి. బాత్రూమ్‌కి వెళ్లొస్తే తగ్గేది, కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. బయటికి అడుగు పెట్టేదాకా ఇదే తంతు. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, నడుము దగ్గర బట్టలు బిగుసుకుపోయేవి. ఇన్ఫెక్షన్ తాలూకు నీరసమేలే అనుకున్నాం. నెలలు గడిచినా పోలేదు.

ఎవరికి చెప్పినా ఒక సలహా సిద్ధంగా ఉండేది. గ్యాస్ అన్నారు, మెనోపాజ్ అన్నారు, టెన్షన్ తగ్గించుకో అన్నారు. టెన్షన్ ఎందుకు పడుతున్నానో మాత్రం ఎవరూ అడగలేదు! మొదట చూపించుకున్న డాక్టరు కూడా రెండు మాటలు విని, "ఐబీఎస్ అయి ఉంటుంది" అని మాత్రలు రాసిచ్చారు. ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్, పేగు పైకి బాగానే ఉన్నా కడుపునొప్పి, విరేచనాల తేడా వదలని జబ్బు. చివరికి తేలింది కూడా అదే. కానీ అలా తేల్చడం సరికాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎందుకంటే ఈ జబ్బు ఎక్కువమందికి వయసులో ఉండగానే మొదలవుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ దీన్ని స్పష్టంగానే చెబుతుంది: యాభై, ఆపై వయసు ఆడవాళ్లకు ఐబీఎస్ లాంటి లక్షణాలు కొత్తగా వస్తే అండాశయ క్యాన్సర్ పరీక్షలు చేయాలి, ఆ వయసులో ఐబీఎస్ తొలిసారి కనిపించడం అరుదు కాబట్టి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే జీర్ణకోశ నిపుణురాలి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఆవిడ మందుల చీటీ వైపు చూడకుండా ముందు ప్రశ్నలు వేశారు. విరేచనంలో రక్తం పడుతోందా? బరువు తగ్గారా? ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా? రాత్రి మంచి నిద్రలోంచి లేచి మరీ వెళ్లాల్సి వస్తోందా? ఈ చివరిది ఎందుకని అడిగితే, ఐబీఎస్ ఉన్నవాళ్లకు నిద్రలో సాధారణంగా ఈ బాధ ఉండదని, నిద్ర లేపేసే విరేచనాలకు వేరే కారణం వెతకాలని చెప్పారు. అన్నిటికీ లేదన్నాను. "అయినా మీ వయసు ఒక్కటి చాలు, పరీక్షలు చేయిద్దాం" అన్నారు.

రక్తహీనతకు, థైరాయిడ్‌కు, వాపుకు రక్తపరీక్షలు. అండాశయ క్యాన్సర్ అనుమానం తీర్చుకోవడానికి సీఏ-125 అనే రక్తపరీక్ష, కడుపు స్కానింగ్. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుకు మరో రక్తపరీక్ష. ఇది చేయించుకునేదాకా గోధుమలు మానకండి, మానేస్తే జబ్బున్నా పరీక్షలో తేలకపోవచ్చు అని ప్రత్యేకంగా చెప్పారు. పేగుల్లో వాపు ఉందో లేదో పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షకు మల నమూనా ఇవ్వాలి. డబ్బా మూతకే చిన్న చెంచా అతికించి ఉంటుంది. దాన్ని బ్యాగులో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్తుంటే దారిలో ఎవరూ పలకరించకుండా ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం. అందులో అసలు పరీక్ష ఏమీ కాదు, మత్తులో తెలియనే తెలియదు. కష్టమంతా ముందురోజు పేగు కడిగే ద్రావణం తాగడమే. ఉప్పగా, కాస్త జిగటగా ఉంటుంది. ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి స్ట్రాతో తాగితే గొంతు దిగుతుంది. విరేచనాలు మొదలవకముందే మలద్వారం చుట్టూ వాజిలిన్ రాసుకోండి, తర్వాత నాకు దండం పెట్టుకుంటారు. పేగు పైకి బాగానే కనిపించినా లోపలి పొర నుంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపారు. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అని పెద్దపేగు వాపు ఒకటుందట. నడివయసు దాటిన ఆడవాళ్లలోనే ఎక్కువ, కెమెరాకు దొరకదు, బయాప్సీలోనే తెలుస్తుంది.

రిపోర్టులన్నీ నార్మల్. హమ్మయ్య అనుకున్న మరుక్షణమే ఒళ్లు మండింది. మరి ఈ నొప్పి ఏమిటి?

"నార్మల్ అంటే మీకేమీ లేదని కాదు" అన్నారావిడ. ఐబీఎస్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్-4 ప్రమాణాలు విప్పి చెప్పారు: గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి, దానికి విరేచనంతో సంబంధం, ఎన్నిసార్లు, ఎలా అవుతోందన్నదాంట్లో మార్పు, ఇదంతా మొదలై కనీసం ఆరు నెలలు. నాకు అన్నీ సరిపోయాయి. కడుపు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా ఐబీఎస్ మిగులుతుందట. కాలిన చోట పుండు మానినా కొన్నాళ్లు నీళ్లు తగిలినా చురుక్కుమంటుంది చూడండి, పేగు నరాలదీ అదే పరిస్థితి అన్నారు.

తర్వాత డైటీషియన్. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ పద్ధతి పెట్టారు. పేగులో సరిగా అరగక పులిసి గ్యాస్ చేసే కొన్ని రకాల పిండిపదార్థాల్ని తగ్గించడమే ఇది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, యాపిల్, చిక్కుళ్లు కొన్ని వారాలు పూర్తిగా బంద్. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఏళ్ల తరబడి నోరు కట్టేసుకుంటారు. అసలు పని ఆ తర్వాతే ఉంది: ఒక్కో రకాన్ని తిరిగి తెచ్చి, కొంచెంతో మొదలుపెట్టి మూడు రోజులు పెంచుతూ, ఏమవుతోందో రాసుకోవాలి. అందరూ మానేయమన్న పాలు నిర్దోషి అని తేలింది! దొంగలు ఉల్లి, వెల్లుల్లి. వాటిలోని ఫ్రక్టాన్లు, అంటే అలాంటి ఒక రకం పిండిపదార్థాలు, నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేయించి తీసేస్తే వాసన మిగులుతుంది, నొప్పి రాదు. నాకు ఇంత పనికొచ్చిన సలహా ఇంకోటి లేదు. పీచు కోసం తవుడు వద్దని, ఇసబ్‌గోల్ కొద్దికొద్దిగా పెంచమని చెప్పారు.

అయినా పొద్దుటి నొప్పి పూర్తిగా వదల్లేదు. అప్పుడు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశారు. "అది డిప్రెషన్ మందు కదండీ" అన్నాను కొంచెం చిన్నబోయి. డిప్రెషన్‌కు వాడే మోతాదు ఇంతకంటే చాలా ఎక్కువని, ఇక్కడ పేగుకీ మెదడుకీ మధ్య నడిచే నొప్పి సంకేతాల్ని తగ్గించడానికని, బ్రిటన్‌లో ఐబీఎస్ రోగులపై జరిగిన అట్లాంటిస్ అనే క్లినికల్ ట్రయల్‌లో ఇది పనిచేస్తుందని 2023లో తేలిందని వివరించారు. మొదట్లో నోరు ఎండిపోయేది, పొద్దున మత్తుమత్తుగా ఉండేది. కొన్ని వారాలకు నొప్పి లేని ఉదయాలు మొదలయ్యాయి.

ఇప్పటికీ చెడ్డ రోజులున్నాయి. మీటింగుల్లో తలుపు పక్క కుర్చీ నాదే, ఎందుకో మా టీమ్‌కి చెప్పేశాను, ఎవరూ పట్టించుకోవడం లేదు. వచ్చే నెల మాత్ర ఆపి చూద్దామని డాక్టర్ అన్నారు. దూరప్రయాణం ఒకటుంది, అదయ్యాక ఆపుదామన్నాను. సరేనన్నారు.