తాలింపు లేని ఆలుగడ్డ

అమెరికన్ పొటాటో సలాడ్ కోసం ఉడికించిన, పొగలు కక్కుతున్న దుంపల మీద వెనిగర్ చల్లుతుంటే, మా ఆయన వంటింట్లోకి తొంగిచూసి "కాఫీ మిషన్ కడుగుతున్నావా?" అన్నారు. ఆ మిషన్ని కడిగేదీ వెనిగర్‌తోనే, ఆ ఘాటు అలాంటిది మరి!

వేడి మీదైతేనే దుంప పులుపు బాగా పీల్చుకుంటుంది. మయోనీజ్ మాత్రం చల్లారాకే, లేదంటే నూనె విడిపోయి జిడ్డుగా తేలుతుంది. ఇక దుంపల్ని ఉప్పేసిన చన్నీళ్లలోనే పొయ్యెక్కించాలి. మరిగే నీళ్లలో పడేస్తే పైన చితికిపోయి, లోపల పలుకుగానే ఉంటాయి.

ఆపైన ఉడికించిన గుడ్లు, సెలెరీ కాడలు, ఉల్లిపాయ, మస్టర్డ్ (ఆవపిండి ముద్ద), తీపి పికిల్ రెలిష్ (సన్నగా తరిగిన దోసకాయ ఊరగాయ). చివర్లో పాప్రికా, అంటే కారం లేని ఎర్ర మిరపపొడి. చూస్తే గుంటూరు కారమే, నోట్లో పెడితే ఉలుకూ పలుకూ ఉండదు! పచ్చిమిర్చి తరుగుదామని మనసు ఒకటే లాగింది. జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం నాటి కుకౌట్ (ఆరుబయట వంట విందు) కదా, అమెరికన్ల పద్ధతిలోనే ఉండనిద్దామని ఊరుకున్నాను.

డాలస్ ఎండ సంగతి తెలిసిందే. 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఇలాంటివి గంటకు మించి బయట ఉంచకూడదు. అందుకే గిన్నె కింద ఐసు ట్రే పెట్టి మరీ తీసుకెళ్లాను.

పక్కింటి పెద్దావిడ రెండోసారి వడ్డించుకుంది. మా వాళ్లేమో "అన్నీ బాగున్నాయి గానీ, తాలింపేదీ?" అని ఒకటే గోల.