నిమ్మరసం కారిన దారిలోనే బొబ్బలు

పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోట ఉన్న ఇళ్లలో వేసవంతా కాయ గురించే మాట. ఎండలు ముదిరాయంటే ఢిల్లీ దాకా గిరాకీ, పచ్చికాయకు మంచి ధర. బాగా పండి పసుపు తిరిగిన కాయ దూరప్రయాణానికి ఆగదు కాబట్టి వ్యాపారులు దాన్ని పక్కకు తోసేస్తారు. మా ఇంట్లో ఏటా ఊరగాయ అయ్యేది ఆ పండుకాయే. నేను నెల్లూరులో ఉంటాను. మే నెలలో పుట్టింటికి వెళ్లి అమ్మతో కలిసి ఊరగాయ పెట్టడం పెళ్లయినప్పటి నుంచీ తప్పలేదు. ఇన్నేళ్లలో నా చేతులకు ఏమీ కాలేదు. కిందటేడు అయింది.

నిమ్మకాయ ఊరగాయ పెట్టేవాళ్లకు తెలిసిందే. ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి, పైన ఇంకొన్ని కాయల రసం పిండి జాడీలో మూడు రోజులు ఊరనిస్తాం. మూడో రోజు ముక్కల్ని రసంలోంచి పిండి తీసి ఎండలో పోయాలి. ఆ పని ఎప్పుడూ అమ్మ పొద్దు పొడవకముందే ముగించేది. ఆ ఏడు మోకాళ్ల నొప్పులతో మిద్దె మెట్లు ఎక్కలేకపోయింది. ఇంట్లో చుట్టాలు, వాళ్ల కాఫీలు, టిఫిన్లు. నేను జాడీ పైకి మోసుకుపోయేసరికి పదకొండు దాటింది. పాత పంచె పరిచి, అక్కడే కూర్చుని, గుప్పెడు గుప్పెడుగా పిండి పరిచాను. రసం తక్కువైనట్టుందని కొత్తకాయలు కూడా కొన్ని అక్కడే కోసి పిండాను. నెత్తిన కొంగు ఉంది గానీ చేతులు మాత్రం ఎండలోనే. రసం మణికట్టు మీదుగా కారి మోచేతి దగ్గర బొట్టు కడుతుంటే చీరకు తుడుచుకుంటూ పని కానిచ్చాను.

మధ్యలో అన్న కూతురు పైకొచ్చి పిట్టగోడ ఎక్కబోయింది. దానికి ఆరేళ్లు. ఒక్క ఉదుటున పోయి భుజం పట్టి దించాను. ఆ తర్వాత అది కూడా చేతుల్లేని గౌనుతోనే నా పక్కన కూర్చుని కాకుల్ని తోలుతా ఉండింది.

ఆ రోజు ఏమీ లేదు. రాత్రికీ లేదు. ఈ జబ్బులో మోసమంతా అదే. మామూలుగా ఎండకు కమిలితే కొన్ని గంటల్లోనే తెలిసిపోతుంది. ఇది అట్టా కాదు. మరుసటి రోజు మధ్యాహ్నం కుడిచేయి వేడెక్కి చర్మం బిగుసుకున్నట్టు అనిపించింది. సాయంత్రానికి ఎర్రబడి మంట మొదలైంది. దురద కాదు, మంట. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేకపోయాను. తెల్లారి చూస్తే బొబ్బలు. వాటి తీరే వింతగా ఉంది. మణికట్టు పక్కనుంచి మోచేతి దాకా వేలెడు వెడల్పు కూడా లేని చార. చార పొడవునా సన్నటి నీటిపొక్కులు, మోచేతి దగ్గర గోలీకాయంత బొబ్బ ఒకటి. వేళ్ల సందుల్లో, గాజులు ఆనే చోట మరికొన్ని. చారకు అటూ ఇటూ ఉన్న చర్మానికి మాత్రం ఏమీ కాలేదు.

పక్కింటి పెద్దమ్మ చూసి, "ఇది సర్పి మే. తలా తోకా కలిసిందంటే ప్రాణం మీదికొస్తాది" అని భయపెట్టి పోయింది. అమ్మ ఆమె మాట కాదనలేక జేగురుమన్ను అరగదీసి పూసింది. అది ఎండి బిగుసుకునేసరికి మంట రెట్టింపైంది. అన్న మెడికల్ షాపులో అడిగితే ఎలర్జీ అని ఒక ట్యూబూ నాలుగు మాత్రలూ ఇచ్చారట. ఆ మాత్రలకు నిద్ర బాగా పట్టింది, అంతవరకే.

అసలు టెన్షన్ పాప దగ్గర మొదలైంది. వదిన దానికి నీళ్లు పోస్తూ కేకపెట్టింది. భుజం వెనక నాలుగు చారలు, ముందువైపు గుండ్రంగా ఒకటి, ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. ఎవరు చూసినా చేతి అచ్చు అనే అంటారు.

"ఎవురు కొట్టారు నాయనా?"

"ఎవురూ కొట్టలా. అత్త పట్టుకునింది."

వదిన నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. అన్న మాత్రం "పిల్లను పట్టుకునేది ఇట్టేనా మే?" అన్నాడు. నేను మెల్లగానే పట్టుకున్నానని చెబుతున్నా నా మాట నాకే అతకలేదు. ఎందుకంటే ఆ అచ్చు మీద నా చేయి పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. ఆ రాత్రి పాపను నా పక్కన పడుకోనివ్వలేదు వదిన. నా చేతి మంట కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

నెల్లూరులో ఒంట్లో బాగాలేదంటే ఎవరి బండైనా ఆస్పత్రులుండే పొగతోటకే తిరుగుతుంది. అక్కడ ఒక చర్మ డాక్టరు దగ్గరికి నేను, వదిన, పాప కలిసే వెళ్లాం. దారంతా బస్సులో ఎవరి కిటికీ వాళ్లది.

డాక్టరమ్మ ముందు నన్ను అడిగింది మందుల గురించి. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ గానీ, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్రలు గానీ వాడుతున్నారా అని. అవి వాడేవాళ్లలో కొందరికి ఎండ పడదట. చెంపల మీద ఎర్రమచ్చలు వస్తాయా, కీళ్లు నొప్పులా అని కూడా అడిగింది. లూపస్ అనే జబ్బు ఉన్నవాళ్లకు ఎండ తగిలితే అట్టా అవుతుందట. అన్నిటికీ లేదన్నాను. అప్పుడు నా చేయి పైకెత్తించి మోచేతి బొబ్బను కింద నుంచి చూసింది. పాప భుజం చూసింది.

"నిమ్మకాయలు పిండారా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే వదిన "పిండింది" అనేసింది.

దీని పేరు ఫైటోఫోటోడెర్మటైటిస్. నిమ్మరసంలో, అంతకంటే ఎక్కువగా నిమ్మతొక్కలో ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. సొరాలిన్లు ఆ రకానివే. నీడలో ఉన్నంతసేపూ వాటివల్ల ఏ బాధా లేదు. అవి అంటుకున్న చర్మం మీద ఎండలోని యూవీఏ కిరణాలు (కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్లో, అంటే యూవీలో ఒక రకం) పడ్డాయంటే మాత్రం కణాల డీఎన్‌ఏను పట్టుకుని కణాలనే చంపేస్తాయి. చర్మం చెమటతో తడిసి ఉంటే ఇంకా బాగా లోపలికి దిగుతాయి. సుమారు 24 గంటల తర్వాత బయటపడి 48 నుంచి 72 గంటల్లో ముదురుతుంది. ఇది ఎలర్జీ కాదు, ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడం అంటూ ఉండదు. సరిపడా రసం, సరిపడా ఎండ కలిస్తే ఎవరికైనా వస్తుంది. ఇన్నేళ్లూ అమ్మకు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఆమె పని ఎండ ఎక్కకముందే అయిపోయేది.

"బొల్లికి బావంచాలనే గింజలు నూరి పూసి ఎండలో కూర్చోమంటారు, విన్నారా?" అంది డాక్టరమ్మ. విన్నాం. మా ఊళ్లో ఒకాయన అట్టా కూర్చునేవాడు. బావంచాల్లో ఉండేదీ సొరాలినే. ఆస్పత్రుల్లో బొల్లికి, సోరియాసిస్‌కు సొరాలిన్ ఇచ్చి యంత్రంతో యూవీఏ పెడతారు, దాన్ని పూవా చికిత్స అంటారు. అక్కడ మందూ వెలుతురూ రెండూ కొలతలో ఉంటాయి. మా మిద్దె మీద ఏదీ కొలతలో లేదు.

తర్వాత వదినతో, "పాప మీద ఉన్నది ఈమె చెయ్యే. కానీ ఈమె కొట్టలేదు, గట్టిగా పట్టుకోను కూడా లేదు. చేతికున్న రసం అంటుకుంది, మిగతాది ఎండ చేసింది" అని చెప్పింది. పిల్లల ఒంటి మీద ఇట్టాంటి అచ్చులు చూసి కొట్టారనుకుని గొడవలు పడటం ఇతర దేశాల్లోనూ జరిగిందట. వదిన బయటికొచ్చి చెరకురసం ఇప్పించింది. నిమ్మకాయ వేయకుండా ఇమ్మని బండతనికి చెప్పి మరీ ఇప్పించింది.

వైద్యం పెద్దగా ఏమీ లేదు. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేయడం, బొబ్బలు చిదపకుండా ఉంచడం, కొన్నాళ్లు తక్కువ మోతాదు స్టెరాయిడ్ క్రీము, ఆ తర్వాత వాజలీన్. పెద్ద బొబ్బ నిద్రలో దానంతట అదే పగిలింది. పైచర్మం తీసేయకుండా కడిగి, అంటుకోని గాజుగుడ్డతో కట్టుకోమన్నారు. పాపకు పొక్కులు కూడా రాలేదు, ఎరుపు తగ్గిపోయింది.

మంట తగ్గాక మచ్చలు మొదలయ్యాయి. ఎర్రచార కాస్తా నల్లచార అయింది. నెలలు పడుతుంది, ఎండ తగలనిస్తే ఇంకా ముదురుతుంది అని ముందే చెప్పారు. కానీ చెయ్యి చూసిన ప్రతివాళ్లూ డాక్టర్లే. పెళ్లిలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఎంతో ప్రేమగా ఇచ్చిన సలహా ఏంటో తెలుసా? నిమ్మచెక్క మీద పంచదార చల్లి రుద్దమని! టీవీలో చూసిందట. ట్యాన్ పోవాలంటే శనగపిండిలో నిమ్మరసం కలిపి ముఖానికి పట్టించమని చెప్పేవాళ్లకు లెక్కేలేదు. పట్టించుకుని, నీళ్లతో పైపైన కడుక్కుని, స్కూటీ ఎక్కి కాలేజీకి పోయే పిల్ల గతేంటి? దీని గురించి నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఇంకొకామె తెల్లబడే క్రీము తెచ్చిచ్చింది. డాక్టరమ్మకు చూపిస్తే అందులో గట్టి స్టెరాయిడ్ ఉందని, చీటీ లేకుండా అట్టాంటివి పూస్తే చర్మం పలచబడుతుందని పక్కన పెట్టించింది.

మచ్చ ముదరకుండా ఎండనుంచి కాపాడుకోవడం నేర్చుకున్నాను. అంతకుముందు నా లెక్కలో ఎండంటే వేడి. ఉక్కపోస్తే ఎండ ఎక్కువ, మబ్బుపడితే తక్కువ. యూవీకి ఆ లెక్క వర్తించదు. పలుచటి మబ్బులోంచి చాలా భాగం దిగుతుంది. యూవీఏ అయితే కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది, బస్సులో ఎండవైపు నేను కూర్చోవడం మానేసింది అందుకే. ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు యూవీ ఇండెక్స్ కూడా చూస్తున్నా, యూవీ ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె అది. 3 చేరితేనే జాగ్రత్తపడాలంటారు, మనకు వేసవి మధ్యాహ్నాల్లో 11 పైనే ఉంటుంది. పిల్లలు మైపాడు బీచికి పోదామంటే గొడుగు ఉందిగా అనుకున్నా. ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా యూవీని తిప్పికొడతాయని తెలిశాక సాయంత్రం నాలుగు దాటాకే బయల్దేరదీశాను.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఎస్‌పీఎఫ్ ఒక్కటే చూడకూడదట. అది ముఖ్యంగా యూవీబీ అనే ఇంకో రకం కిరణాల లెక్క. నాకు కావాల్సింది యూవీఏకు అడ్డం, దానికి ట్యూబు మీద పీఏ అనే అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు ఎన్నున్నాయో చూడాలి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆ లెక్కన రెండు చేతులకూ రాస్తే ట్యూబు ఎన్నాళ్లొస్తుంది? మధ్యతరగతి ఇంట్లో అయ్యే పని కాదు. నేను ముఖానికి రాసుకుని, చేతులకు మాత్రం స్కూటీ మీద ఆడపిల్లలు తొడుక్కునే పొడుగు గ్లౌజులు కొనుక్కున్నా. రోడ్డు పక్కన అమ్ముతారే, అవే. నేత దగ్గరగా ఉన్నవి చూసి తీసుకోవాలి. ఎండకు పట్టి చూస్తే వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడకూడదు.

ఒకసారి తోటలో కాయ కోసే ఆడవాళ్లను గమనించాను. చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కాలు, బొత్తాలు మణికట్టు దాకా. "ముల్లు గీరుకోకుండా" అన్నారు అడిగితే. ముల్లుకోసం వేసుకున్నా ఎండకూ అడ్డమే. అయితే చిట్లిన కాయలు ఏరేటప్పుడు చేతులు పైకి మడుస్తున్నారు. నా మచ్చ చూపించి చెబితే ఒకామె తన ముంజేయి చాపింది. అక్కడా ఇట్టాంటి పాత నల్లచారలు రెండున్నాయి. చెట్టు గీరుకుందనుకునిందట ఇన్నాళ్లూ.

నా మచ్చ వర్షాకాలం పోయేసరికి బాగా వెలిసింది. ఇప్పుడు మోచేతి దగ్గర కొద్దిగా తప్ప కనబడదు.

ఈ ఏడు ఊరగాయ మానలేదు. కోయడం, పిండటం అంతా వంటింట్లోనే. కత్తిపీట కడిగి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో తోముకున్నాకే మిద్దె ఎక్కాం. ముక్కలు గరిటెతో పరిచాం. అమ్మకు ఇదంతా చాదస్తంగానే ఉంది. "మేం పెట్టలేదా ఊరగాయలు?" అంటూనే ఉంది. వదిన మాత్రం పాపను మెట్ల దగ్గరే ఆపేసింది. కాకులు తోలే పని ఈసారి మా అన్నకు పడింది.