చిక్కుడు కొసకు కట్టిన ఎర్రదారం

జనవరి, ఆదివారం

నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్న కందిరీగ ఈ ఉదయం సీసాలో కనిపించింది. మిద్దె మీది చిక్కుడు పాదుకు సంక్రాంతి ముందు నుంచీ నల్ల పేనుబంక, అంటే మొక్కల రసం పీల్చే చిన్న పేలు, పట్టి, లేత కొసలూ పూతకాడలూ కనబడనంతగా కమ్ముకుంది. బుధవారం నాడు వాటి నడుమ కదలిక లేకుండా, గుండ్రంగా ఉబ్బి, లేత గోధుమ రంగుకు తిరిగిన పేలు అయిదారు కనిపించాయి. ఆ ఆకును తుంచి గాజుసీసాలో వేసి, మూతికి పలుచని మల్లుగుడ్డ కట్టి ఉంచాను.

తల్లి కందిరీగ బతికి ఉన్న పేను ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలి నుంచే దాన్ని తింటూ పెరిగి, చివరకు పేను పొట్ట అడుగున చీల్చి, పట్టుదారంతో దాన్ని ఆకుకు అతికించి, ఆ ఎండిన తోలు లోపలే ప్యూపాగా, అంటే రెక్కల పురుగు కావడానికి ముందటి దశకు, మారుతుంది. ఉబ్బిన తోలును గుర్తుపట్టడం నేర్చుకుంటే కందిరీగను చూడకుండానే అది తోటలో ఉన్నదని తెలుస్తుంది. తోలు నల్లగా ఉంటే అది అఫెలినస్ అనే మరో రకం చిన్న కందిరీగ పని. బయటికి వచ్చిన చిల్లు అంచు నున్నగా, గుండ్రంగా ఉంటే వచ్చింది పేనును చంపే మన మిత్రపురుగే. అంచు గరుకుగా, కొరికినట్టు ఉంటే మాత్రం, ఆ మిత్రపురుగునే తినే మరో కందిరీగ బయటపడిందని అనుమానించాలి. ఈ రెండో సంగతి తెలియక కిందటేడు ప్రతి చిల్లునూ చూసి సంతోషించాను.

ఈ రోజు చిల్లు నున్నగానే ఉంది. పది రెట్ల లెన్సు కింద, తెల్లకాగితం మీద చూస్తే ఆవగింజంత పొడవైనా ఉంటుందో లేదో. నల్లని తల, సన్నని నడుము, పూసలు గుచ్చినట్టున్న మీసాలు, పొట్ట కొసన కొమ్ముల్లాంటి రెండు ముళ్ళు. ఆ ముళ్ళను బట్టి ఇది ట్రయాక్సిస్ వర్గపు ఆడపురుగని నాకు నమ్మకం కలిగింది. మన దేశంలో అలసంద, చిక్కుడు వంటి పైర్ల నల్ల పేనుబంక మీద ట్రయాక్సిస్ ఇండికస్ అనే జాతి బతుకుతుంది కనుక ఇది అదే కావచ్చు. లెన్సుతో అంతకు మించి తేల్చడం సరికాదు.

సీసాను పాదు దగ్గర తెరిచాను. అది కొసకు ఎక్కి, మీసాలతో ఒక పేనును తడిమి, పొట్టను కాళ్ళ నడుమ నుంచి ముందుకు వంచి పొడిచింది. పేను వెనక కాళ్ళు విదిలించేలోపే పని ముగిసిపోయింది. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను.

కిందటి శీతాకాలంలో దుకాణంలో ఇచ్చిన మందు కొట్టి ఈ పురుగులనూ చంపుకున్నానన్న బాధ ఇంకా ఉంది. ఈసారి చీమలు ఎక్కి పేనుబంకకు కాపలా కాయకుండా పాదు ఉన్న స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టాను. ఉబ్బిన తోళ్ళున్న మూడు కొసలకు ఎర్రదారం కట్టి, రేపు నీళ్ళు పోసేటప్పుడు వాటి మీద పైపు పట్టవద్దని అత్తయ్యగారికి చెప్పాను.