ఫారం-బి దాటడానికి నాలుగు నెలలు

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. జంతువుల మీద టీకా పరీక్ష చేయడానికి అనుమతి ఇచ్చారు. అమ్మయ్య!

మాది పశువుల దొమ్మరోగం టీకా, అదే ఆంథ్రాక్స్ టీకా. అందులో ఉండేది స్టెర్న్ 34ఎఫ్2 స్ట్రెయిన్, అంటే బలహీనపరిచిన బ్యాక్టీరియా రకం. 300 నుంచి 500 గ్రాముల మధ్య బరువున్న పది గినీ పిగ్‌లకు టీకా వేసి, 21 రోజులు ఆగి, వాటికీ, పోలిక కోసం టీకా వేయని మరో మూడింటికీ రోగకారక స్ట్రెయిన్ ఎక్కించాలి. పది రోజుల్లో టీకా పడినవి బతకాలి, టీకా పడని మూడూ చావాలి. ఇంతే పరీక్ష. బడ్జెట్, బోనులు, మేత, విటమిన్ సి అన్నీ వారంలో తేలిపోయాయి.

తేలనిది జంతు నైతిక కమిటీ అనుమతి. దానికి పెట్టే దరఖాస్తే ఫారం-బి. సీనియర్ పాత ఫారం తీసుకుని పేర్లు మార్చి పంపాను. రొటీన్ టెస్టే కదా అని ధీమా. కమిటీలో సైన్సుతో సంబంధం లేని సభ్యురాలు ఒకరుంటారు. మా కమిటీలో ఆమె రిటైర్డ్ తెలుగు టీచరు. ఆమె ఏడో పేజీ తీసి గట్టిగా చదివారు: "కుందేళ్లను రోజుకు రెండుసార్లు గమనిస్తాం." తలెత్తి, "బాబూ, గినీ పిగ్‌లా, కుందేళ్లా?" అన్నారు. అందరూ నవ్వారు. అంతటితో వదల్లేదు. "ఆ మూడూ చచ్చేదాకా చూస్తూ కూర్చుంటారా? ఏ లక్షణం కనబడితే నొప్పి లేకుండా ముగిస్తారు? రాత్రి రెండింటికి ఎవరుంటారు?"

నేను తెలివిగా 1881లో పాశ్చర్ ఇదే రోగం టీకాకు చేసిన గొర్రెల ప్రయోగం ఎత్తాను. టీకా పడనివి రెండు రోజుల్లో చచ్చాయని చెప్పాను. "ఆయనకు ఈ కమిటీ లేదు. మీకుంది," అన్నారామె. చెవులు కాలిపోయాయి. పశువైద్యుణ్ణి, ఎనిమిదేళ్లు చదివాను. బతికుండగా ఆ జంతువు ఎలా ఉంటుందో రాయడమే రాలేదు.

తర్వాతి మీటింగుకు మూడు నెలలు పట్టింది. తేదీ మారిందని గుమాస్తా చెప్పలేదు, ఒక పూట ఊరికే కూర్చున్నాను. ఆ ఆఫీసులో నోటిమాట నమ్మకండి, రాతలోనే అడగండి. కొత్త ఫారంలో వణుకు, పక్కకు పడిపోవడం, ఊపిరి భారంగా తీయడం, మేత మానేయడం, రాత్రి డ్యూటీల పట్టిక అన్నీ రాశాను. అది ముందుగా మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు అర్థమైంది కాబట్టి టీచరమ్మకూ అర్థమవుతుందనుకున్నాను. అయింది.

ఎల్లుండి జంతువులు వస్తున్నాయి. కిందటిసారి ఇదే సప్లయర్ మా పక్క ల్యాబ్‌కు 270 గ్రాములవి పంపాడు. త్రాసు నేనే పట్టుకెళ్తున్నాను.